వేడన్నం

ఫ్రిజ్ మీద పెట్టిన ఫోను మోగి మోగి ఆగిపోయింది. కాసేపు ఊరుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"దాన్నెవరూ ముట్టుకోబాకండి," అన్నాడు ఆదికేశవులు, పెరట్లో పొయ్యి ముందు నుంచి.

ముట్టుకోబోయిన వాళ్ళెవరూ లేరు. వంటింటి గడప మీద కోడలు కోకిల ఒకే గిన్నెను తుడిచిందే తుడుస్తోంది. నడవలో చాప మీద ఆదికేశవులు అక్క వరదమ్మ కూర్చుని ఉంది. తిరువళ్ళూరులో రైలెక్కి తిరుత్తణిలో దిగి, ఆటోలో ఈ ఊరు చేరింది మొదలు ఆమె ఆ చాప వదల్లేదు. తమ్ముడి భార్య చంద్రావతి సంగతి తేలేదాకా లేవనని వచ్చీరాగానే చెప్పేసింది కూడా.

"మోగనీ," అంది వరదమ్మ. "మనం తియ్యకపోతే గదా మనకి కోపమొచ్చినాదని అల్లుడికి తెలిసేది."

"నిన్న తీసి అరిచినా గదక్కా. తెలిసే ఉంటాది."

"నీ అరుపా? నీ అరుపుకి ఈ ఇంట్లో పిల్లి గూడా లేవదురా."

ఆ మాట నిజమే. ఆదికేశవులు అరిచే మనిషి కాడు. నిన్న ఫోనులో అల్లుడు పార్థిబన్ మీద "నా పెళ్ళాన్ని నాకు పంపించెయ్యి!" అని కేక పెట్టిన తర్వాత, ఆ గొంతు తనదేనా అని తనే భయపడి, అప్పటినుంచి మామూలుకంటే ఇంకా మెల్లిగా మాట్లాడుతున్నాడు.

ఫోను ఆగింది. పొయ్యి మీది పొంగలి దించి ఆయన పసుపు పంచె కొంగుతో చెమట తుడుచుకున్నాడు.

తిరుత్తణి కొండ పండగ ఆడికృత్తిక దగ్గర పడింది. మెడలో దీక్ష మాల పడింది. పెళ్ళయిన ఏడాది నుంచి ఒక్క ఏడు తప్పకుండా తిరుత్తణి కొండకి పూలకావడి మోసిన మనిషి ఆదికేశవులు. ఆ ఇంట్లో కావడికి ఒక పద్ధతి ఉంది. పూలు కట్టేదీ, కావడిని ఎత్తి భుజానికి పెట్టేదీ భార్య. మాల వేసుకున్నాక రోజుకి ఒక్క పూటే భోజనం, సందె దీపం తర్వాత. అదీ భార్య వండి పెట్టింది తినాలి, లేదా తను వండుకున్నది తినాలి. భార్య బతికి ఉండగా తను వండుకున్నవాడు ఆ వంశంలో ఇంతకు ముందెవడూ లేడు. ఈయనే మొదలు. రోజూ పెసరపప్పు పొంగలే, ఇంకోటి రాదు. ఒకరోజు ఉప్పు మరిచిపోతే మర్నాడు రెండు రోజుల ఉప్పూ కలిపి వేసేస్తున్నాడు.

"చూడు నా తమ్ముడి గతి," అంది వరదమ్మ, ఎవరితోనో చెబుతున్నట్టు, కోకిల వైపే చూస్తూ. "కూతురి కానుపని పొయ్యింది చైనాకి. కానుపైంది. బిడ్డ బోర్లా గూడా పడతా ఉండాది. ఇంకా ఏం పని ఆడ? అల్లుడు కొట్టు పెట్టినాడంటే ఈమె పొయ్యి ముందర నిలబడాలనా?"

"పొంగణాల పెనం పొయ్యేటప్పుడే తీసకపొయ్యినాది," అన్నాడు ఆదికేశవులు. ఇనుప పెనాన్ని చీరల్లో చుట్టి పెట్టెలో పెడుతుంటే అప్పుడు తను నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది.

"పెనం సంగతి ఇడిచిపెట్టు. నేను ఫోన్ చేసి 'తిన్నావా చంద్రా' అంటే ఏమనింది? 'పొద్దుండంగానే తినేసినా వదినా, పనోళ్ళతోబాటు' అనింది. పనోళ్ళతోబాటు! ఇంకేం వింటానురా? ఫోను పెట్టేసి రైలెక్కేసినా."

ఇంకొక్క నిమిషం వినుంటే బాగుండేది పెద్దత్తా, అనుకుంది కోకిల. అనుకుని ఊరుకుంది.

"మన ఇంట్లో ఇంటోళ్ళకంటే ముందు ఎవరికి పెడతాం? నువ్వే చెప్పు. నాట్లకొచ్చినోళ్ళకి పెడతాం. చెరుకు కొట్టేటోళ్ళకి పెడతాం. తిని పనిలోకి దిగాల గాబట్టి. ఇంటి ఆడది ముందు తినిందంటే ఒంట్లో బాగలేక ఉండాల, లేదంటే కూలికి పొయ్యుండాల. చంద్రకి ఒళ్ళు బాగానే ఉండాది. మరి?"

ఆ ఇంట్లో పుట్టిన వాళ్ళెవరూ ఆ మాటకి జవాబు చెప్పలేరు. మగవాళ్ళు, పిల్లలు, వచ్చినవాళ్ళు, ఆ తర్వాత ఇంటి ఆడవాళ్ళు, అందరిలోకీ ఆఖరున వండిన మనిషి. విజయనగరం రాజుల కాలంలో ఇటు తమిళనాటికి వచ్చినప్పుడు ముత్తాతలు నాగలితోపాటు ఈ వరసను కూడా తెచ్చుకున్నారని వరదమ్మ గట్టి నమ్మకం.

దానికి తోడు నిన్న పొద్దున అల్లుడి దగ్గర్నుంచి వచ్చిన మాట ఒకటి. అత్త వీసా గడువు అయిపోవస్తోంది. ఆమె ఇప్పటిదాకా ఊరికే మా వాళ్ళకి పక్కన నిలబడి నేర్పిస్తోంది. ఇక ముందు ఉండాలంటే, మా కొట్టులో వంటమాస్టరుగా తీసుకుంటున్నామని సరైన కాగితాలు వెయ్యాలి. మీరు సరేనంటే వేస్తాం మామా. ఎల్లుండి పొద్దున్నే ఆఫీసు తెరిచే వేళకి చెప్పండి.

ఇంటి ఆడదాని పేరు పక్కన వంటమాస్టరు అని రాయించడం! వరదమ్మ ఆ మాట విన్నప్పటి నుంచి మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు.

ఫోను మళ్ళీ మోగింది.

ఈసారి కోకిల గిన్నె కింద పెట్టింది. "మామా, పాపకేమన్నా అయిందేమో. ఇన్నిసార్లు చేస్తా ఉండారంటే..."

పసిబిడ్డ పేరు చెప్పాక వద్దనడానికి ఆదికేశవులుకి నోరు రాలేదు. వరదమ్మ వద్దనే లోపల కోకిల ఫోను తీసి, స్టూలు మీద చెంబుకి ఆనించి నిలబెట్టింది.

ముందు మనిషి కనపడలేదు. పొగ కనపడింది. పొగలోంచి ఎర్రవీ పచ్చవీ దీపాల అక్షరాలు, వాటి కింద రోడ్డు సగందాకా తోసుకొచ్చిన బల్లలు, చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు, స్టూలుకొక మనిషి. గ్వాంగ్‌జౌలో ఆ వీధి గురించి కూతురు ధాత్రి చెబుతూనే ఉంటుంది గానీ ఇంట్లో ఎవరూ సరిగ్గా చూసింది లేదు. మనకంటే రెండున్నర గంటలు ముందు నడిచే ఊరు. ఇక్కడ అన్నాలు తినే వేళకి అక్కడ నడిరేయి దగ్గర పడుతుంది. ఆ వేళప్పుడు ఆ వీధి పళ్ళు తోముకుని అప్పుడే లేచినట్టుంది.

"పాప బాగుండాది గదా అన్నా?" అంది కోకిల.

"బాగుండాదమ్మా, నిద్రపోతా ఉండాది." పార్థిబన్ మొహం తెరలోకి వచ్చింది. నడుముకి గుడ్డ, నుదుట చెమట. "మామ ఉండారా? నిన్నటి నించి ప్రయత్నం చేస్తా ఉండా. లోపల సిగ్నల్ రాదు, వీధిలోకొచ్చి చేస్తా ఉండా."

అతను నడుస్తుంటే వెనకాల వీధి కదిలింది. ఒకడు నిప్పుల మీద సముద్రపు గుల్లలు పరిచి, ఒక్కోదాని మీద వెల్లుల్లి ముద్ద పెడుతున్నాడు. అద్దాల తొట్టెల్లో చేపలు ఈదుతున్నాయి. ఇద్దరమ్మాయిలు చేతులకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని ఎర్రటి రొయ్యలు ఒలుచుకుంటూ పకపకా నవ్వుతున్నారు. చప్పుడు చెయ్యని స్కూటర్లు బల్లల మధ్య నుంచే దూరి పోతున్నాయి.

"ఏంది నాయనా, ఈ పొద్దు తిరునాళ్ళా ఆడ?" అనేసింది వరదమ్మ. కోపంగా ఉన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయింది పాపం.

"లేదు పెద్దమ్మా, రోజూ ఇంతే."

"వీళ్ళు పండుకోరా?"

"పొద్దంతా పనికి పోతారు గదా. నలుగురూ కలిసి కూచునేది ఈ వేళకే."

తెరలో ఒక మూలన నలుగురున్న కుటుంబం బల్ల దగ్గర కూర్చుంది. పెద్దావిడ కూజాలోంచి పొగలు కక్కే టీ పోసి గిన్నెలూ తినే పుల్లలూ చెంచాలూ అన్నీ తిప్పి తిప్పి కడిగి, ఆ నీళ్ళు పక్కన పళ్ళెంలో పారబోసింది.

"ఆమె ఏం జేస్తా ఉండాది?"

"తినేముందు గిన్నెలు వేడి టీతో కడుక్కుంటారు పెద్దమ్మా. ఈ ఊరి పద్ధతి."

ఎవరింటికి వెళ్ళినా గ్లాసు తనే ఇంకోసారి కడుక్కుని గానీ నీళ్ళు తాగని మనిషి వరదమ్మ. "సుబ్బరమైన జనమే," అంది, కాస్త నిరాశగా.

అంతలో తను దేనికొచ్చిందో గుర్తొచ్చింది. "అదంతా సరి నాయనా. మా చంద్రని కూలోళ్ళతో కూచోబెట్టి కూడు పెడతా ఉండావంట? మేమేం తక్కువ చేసినాం నీకు?"

పార్థిబన్ ఆగిపోయాడు. అతని వెనకాల వీధి కూడా ఆగింది. "ఎవరు చెప్పినారు అట్ల?"

"అదే చెప్పింది. పొద్దుండంగానే పనోళ్ళతో తినేసినా అని."

"అదా మీ కోపం?" అతను నవ్వబోయి, పెరటి గుమ్మంలో మామ పంచె అంచు కనబడి మింగేసుకున్నాడు. "పెద్దమ్మా, నేనూ ఆ బల్ల దగ్గరే తింటా. ధాత్రి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆ బల్ల దగ్గరే తింటాది. ఈ వీధిలో ఏ కొట్టుకైనా పొయ్యి చూడండి. షటరు ఎత్తే ముందు, వండేటోళ్ళూ కడిగేటోళ్ళూ ఓనరూ అందరూ ఒకే బల్ల చుట్టూ కూచుని తినేస్తారు. తిన్నాకనే కొట్టు తెరిచేది."

"వచ్చినోళ్ళకి పెట్టకముందేనా?"

"రాత్రంతా పొయ్యి ముందర నిలబడాల పెద్దమ్మా. కడుపు కాల్తా ఉంటే నలుగురికి ఎట్ల వండేది?"

ఓనరు కూడా అదే బల్ల దగ్గర తింటాడనేది వరదమ్మ లెక్కలో లేదు. ఓనరు కూలివాళ్ళతో కూర్చుంటే, ఎవరు కూలివాళ్ళో ఎట్లా తెలుస్తుంది?

ఆదికేశవులు దేవుడి ముందు పొంగలి పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆ పళ్ళెం పట్టుకుని నడవలోకి వచ్చాడు. వచ్చి ఫోనుకి వీపు చేసి కూర్చున్నాడు. పళ్ళెంలో పొంగలి పొగలు పోతోంది. చెయ్యి పెట్టలేదు.

"అత్తని పిలుస్తా, ఉండండి," అన్నాడు పార్థిబన్.

కొట్టు ముందు భాగంలో, వీధి వైపు తెరిచిన కిటికీలో పొయ్యి. దాని మీద ఈ ఇంటి పెనమే. అంచున చిన్న సొట్ట ఉంది, చూడగానే కోకిల గుర్తుపట్టింది. చంద్రావతి నెత్తికి గుడ్డ కట్టుకుని గుంటల్లో పిండి పోస్తోంది. పుల్లతో ఒక్కో పొంగణాన్నీ తిరగేస్తోంది. కిటికీ ముందు జనం, పొట్లం చేతికి రాగానే వేళ్ళు కాలుతున్నా ఆగకుండా నోట్లో వేసుకుని, నోరు తెరిచి ఊదుకుంటున్నారు. చెనిక్కాయల చట్నీ ఇంకా కావాలని ఒకతను గిన్నె చాపాడు. చంద్రావతి ఏదో అంది, అతనేదో అన్నాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు, ఇద్దరూ నవ్వారు.

అత్త నోరంతా తెరిచి నవ్వడం కోకిల ఈ ఇంటికి వచ్చాక చూడలేదు. చూసి, ఎందుకో తలకాయ వంచుకుంది.

అల్లుడు చెవిలో చెప్పగానే చంద్రావతి పుల్ల పక్కనున్నామెకిచ్చి, చేతులు తుడుచుకుంటూ ఫోను తీసుకుంది.

"వదినా, మీరెప్పుడొచ్చినారు? కాళ్ళ నొప్పులు ఎట్ల ఉండాయి?"

"నా కాళ్ళకేం? నీ సంగతి చెప్పు."

చంద్రావతి కళ్ళు వరదమ్మని దాటి వెనక్కి పోయాయి. పసుపు పంచె, మాల పూసలు, ఒక వీపు.

"వీపు చూపిస్తా ఉండారా?" అంది. "సరే, వీపుతోనే మాట్లాడతా. ఈ పొద్దు ఉప్పేసినారా?"

"వేసినా."

"సరిపొయినాదా?"

"ఇంకా నోట్లో పెట్టలా."

అటు వీధిలోంచి గరిటెల చప్పుడు, ఎవరో పేరు పెట్టి పిలవడం, గ్లాసులు తగలడం ఈ నడవలోకి వచ్చి పడుతున్నాయి.

"కావడికి వస్తావా రావా? ఆ ఒక్కటి చెప్పు," అన్నాడు చివరికి ఆదికేశవులు.

"వస్తా."

వీపు తిరిగింది. ఇన్నాళ్ళ తర్వాత ఆయన భార్య మొహం చూశాడు. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. బుగ్గ మీద పిండి చుక్క ఎండి అంటుకుని ఉంది. సంతోషం దాచుకోవడం తెలియని మనిషి, పళ్ళెం పక్కన పెట్టేసి ఫోనుకి దగ్గరగా జరిగాడు.

"చూసినావా," అంది వరదమ్మ. "నేనొచ్చి కూచుంటే గానీ తేలలా."

"కావడి ఎవరు ఎత్తుతారు నేను రాకపోతే?" అంది చంద్రావతి. "పూలు నేనే కడతా. భుజానికి నేనే ఎత్తుతా. కొండెక్కి దిగినాక, వీసా వేయించుకుని మళ్ళీ ఈడికొస్తా. కాగితాలకి నేను సరే అనేసినా."

"ఏంది?" అన్నారు అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక్కసారే.

"మీరు సరే అంటేనే వేస్తానంటా ఉండాడు అల్లుడు. నేను మాత్రం సరే అనేసినా. రేపు పొద్దున్నే మీరు గూడా చెప్పేయండి."

"వంటమాస్టరనా? ఆ పేరుతోనా?" వరదమ్మ గొంతు పెద్దదైంది. "నలుగురికి అన్నం పెట్టిన ఇల్లు చంద్రా మనది! ఊరోళ్ళు అడిగితే ఏం చెప్పేది? మా మరదలు చైనాలో వంటకి కుదిరిందని చెప్పమంటావా?"

"ఆ నలుగురికి వండింది ఎవరు వదినా?"

చంద్రావతి ఆ మాట మెల్లిగానే అంది. అందుకే అది ఎక్కువ తగిలింది. వరదమ్మ చాప అంచు పట్టుకుని పుల్లలు పీకడం మొదలుపెట్టింది.

"ఈడ నీకేం లోటు చేసినా చంద్రా?" అన్నాడు ఆదికేశవులు. అరుపు లేదు అందులో. నిజంగానే తెలియక అడిగాడు.

ఆమె ఫోను పట్టుకుని కిటికీ దగ్గర్నుంచి జరిగి, కొట్టు మెట్ల మీద కూర్చుంది. ఆమె వెనకాల వీధంతా ఎర్రటి వెలుగులో తింటోంది.

"కొట్టుకొచ్చిన మొదటి పొద్దు," అంది, "షటరు ఎత్తకముందు అందరూ బల్ల చుట్టూ కూచున్నారు. నేను గోడకానుకుని నిలబడినా. అందరూ తినేసినాక తిందామని. అలవాటు గదా. గిన్నెలు కడిగే ముసలామె ఒకామె ఉండాది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు. లేచొచ్చి నా చెయ్యి పట్టి ఈడ్చి కూచోబెట్టింది. గిన్నెలో అన్నం పెట్టి నా చేతికిచ్చింది. పొగలు పోతా ఉండాది అన్నం. నాకు ఏడుపొచ్చేసింది. ఆమెకేం తెలుసు? కారమెక్కువైందేమో అనుకుని నీళ్ళు తెచ్చి తాగించింది. ఆ రాత్రి పండుకుని తలుచుకున్నా. మన ఇంట్లో నేను వేడన్నం ఎప్పుడు తిన్నానా అని. దినకర్ పుట్టినప్పుడు పురిట్లో. ధాత్రి పుట్టినప్పుడు పురిట్లో. ఆ పొద్దు టైఫాయిడ్ జరమొచ్చినప్పుడు. అంతే. ఇంకెప్పుడూ తలపుకి రాలా."

వరదమ్మ చాప పుల్లలు పీకడం ఆపేసింది. ఆమె మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, కోడలు వచ్చి కొన్నేళ్ళయింది. అయినా తిరువళ్ళూరులో ఇప్పటికీ ఆమె పళ్ళెంలోకి వచ్చేది అడుగున మిగిలిన అన్నమే. అది తప్పని ఆమెకి ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు తోచిందని కూడా ఒప్పుకోదు. కానీ కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంది.

"నేనొస్తా," అంది చంద్రావతి. "కావడి ఎత్తుతా. అప్పుడు ఆ ఇంట్లో వంట నేనే చేస్తా గదా. అందుకే ఇప్పుడే అడుగుతా ఉండా. మీరు చెప్పండి, వచ్చినాక నేను ఎప్పుడు తినాల?"

ఆదికేశవులుకి అది కష్టమైన ప్రశ్నేం కాదు. పసిపిల్లవాడు కూడా చెప్పే జవాబే. కానీ ఎదురుగా అక్క కూర్చుని ఉంది. గోడ మీద నాన్న ఫొటో ఉంది, తాత ఫొటో ఉంది. వాళ్ళెవ్వరూ వండిన మనిషి తిన్నదో లేదో అడిగి ఎరగరు. తనూ అడగలేదు. ఇన్నాళ్ళూ తను వండుకున్న పొంగలి పొయ్యి మీంచి దించగానే తనే తింటున్నాడు. వండి నిలబడితే ఎంత ఆకలేస్తుందో ఈ మాలలోనే తెలిసింది ఆయనకి.

జవాబు చెప్పలేని మనిషి ఏదో ఒకటి అనాలి కాబట్టి, గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు తిరిగాడు.

"కోకిలా, నువ్వు తిన్నావామ్మా?"

ఆ మాట ఆ ఇంట్లో మామ నోటి నుంచి రావడం అదే మొదలు. కోకిల ఉలిక్కిపడింది. లేదు మామా అని ఉంటే అంతటితో పోయేది. కానీ ఆ పిల్లకి అబద్ధం సమయానికి అందదు.

"తిన్నా మామా," అంది.

"తిన్నావా!" అంది వరదమ్మ. "నాకు పెట్టకముందేనా?"

"మీకు పెడతానంటే లేవనన్నారు గదా పెద్దత్తా."

"మామ తినకముందేనా?"

కోకిల నేల చూసింది. "మామ సానానికి పొయినప్పుడు తిన్నా."

"ఈ పొద్దేనా?" అన్నాడు ఆదికేశవులు.

"రోజూ." ఒకసారి నోరు తెరిచాక ఇక దాచడం దేనికని కోకిల మొత్తం చెప్పేసింది. "అత్త ఊరికి పొయిన మర్సటి రోజు నించి. వండినాక ముందు నేను తినేస్తా ఉండా మామా. ఆదివారం మా ఆయన కాట్టుపల్లి పని నించి వచ్చినప్పుడు గూడా."

"ఎవరు చెప్పినారు నీకు?"

కోకిల ఫోను వైపు చూసింది. ఆదికేశవులు కూడా చూశాడు. తెరలో చంద్రావతి మెట్ల మీద అట్లాగే కూర్చుని ఉంది. నవ్వడం లేదు.

"నేనే," అంది. "పెట్టె సర్దుకుంటా చెప్పినా దానికి. నేను లేనప్పుడన్నా వేడిగా తినవే అని."

అంటే ఆ వీధిని చూడక ముందే. ఆ ముసలామె చెయ్యి పట్టుకోక ముందే. ఆదికేశవులుకి ఆ సంగతి మెల్లిగా అర్థమైంది.

"దానికి చెప్పినావు సరే," అన్నాడు. "అంత తెలిసినదానివి, మరి నువ్వెందుకు తినలా చంద్రా?"

"దానికి చెప్పేదానికి నేనుండా," అంది చంద్రావతి. "నాకు మీరు చెప్తారని చూస్తా ఉండినా."

లోపలి నుంచి ఎవరో ఆమెని పిలిచారు. చంద్రావతి అనడం రాక, "చందా, చందా" అని. పెనం దగ్గర జనం పెరిగారు. ఆమె లేచి, ఫోను అల్లుడి చేతికిచ్చి, బుగ్గ మీది పిండి చుక్కతోనే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

"మామా," అన్నాడు పార్థిబన్, ఇబ్బందిగా. "పొద్దున్నే ఆఫీసుకి పోవాల. ఏం చెప్పమంటారు?"

ఆదికేశవులు పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. పొంగలి అట్టు కట్టిపోయింది. ఒక ముద్ద విరిచి నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. కానీ చల్లారిన నెయ్యి అంగిలికి అంటుకుంది, మెతుకు గొంతు దిగడం లేదు. ఇదా ఆమె ఇన్నేళ్ళూ తిన్నది, అనుకున్నాడు.

"తెండి మామా, వేడి చేసుకొస్తా," అంది కోకిల.

"వద్దు." ఇంకో ముద్ద విరిచాడు. "అల్లుడూ, ఫోను పెట్టేయబాకు. ఆమె పని అయ్యేదాకా అట్లే పట్టుకుని ఉండు. ఆమె అడిగినదానికి నేను ఆమెకే చెప్పాల."

"ఏం చెప్పబోతావురా?" అంది వరదమ్మ.

ఆయన ఆ చల్లన్నం చివరి మెతుకుదాకా తినేసి గానీ మాట్లాడకూడదని తీర్మానించుకున్నవాడిలా, తెరలో పొయ్యి ముందు నిలబడ్డ భార్యను చూస్తూ నములుతూనే ఉన్నాడు.